ఒకే కిరీటము, ఇరువురు రాజులు
(స్మారకోపన్యాస పాఠము)



ఈ యుపన్యాసము ఏ చరిత్రాధ్యాపకుని స్మృతికై యేటేట జరుగుచున్నదో, ఆయన శిష్యులు పలువురు ఈ సభలో నున్నారు. వంశవృక్షములను, యుద్ధముల తేదీలను వల్లె వేయించు బోధన ఆయనకు రుచించెడిది కాదు. ఏ రాజ్యవివాదము పాఠముగా వచ్చినను, హక్కెవరిదని యడుగుటకు ముందు, ఆ హక్కును తేల్చవలసిన తీర్పరి యెవరని ఆయన యడిగెడివారు. ఆ ప్రశ్ననే చేతబట్టుకొని, పదునారవ శతాబ్దమున హంగరీ సింహాసనముకొరకు పెనగులాడిన ఇరువురు రాజుల వృత్తాంతమును నేడు మీకు విన్నవింపదలచితిని. అమెరికాలో కాపురమున్న తెలుగువారికి హంగరీ రాజులతో నేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. ఆ యిరువురి శిరస్సులనెక్కిన కిరీటము మన కాలముననే పాతికేండ్లపాటు కెంటకీ రాష్ట్రమందలి ఫోర్ట్ నాక్స్ సువర్ణభాండాగారమున దాగియుండెను. దానిని హంగరీకి తిరిగి యీయవచ్చునా యను వ్యాజ్యము ఈ దేశపు న్యాయస్థానముల గడప త్రొక్కెను. కావున ఈ కథలో కొంత భాగము మనమున్న గడ్డమీదనే జరిగినది.

1526వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, డాన్యూబు నదీతీరమందలి మొహాచ్ మైదానమున, ఉస్మానీయ సుల్తాను సులేమాను సైన్యము హంగరీ సైన్యమును ఒక్క మధ్యాహ్నములో తుడిచిపెట్టెను. ఇరువదేండ్ల ప్రాయపు రాజు రెండవ లాయోష్ పలాయనము చేయుచు, వానలకు పొంగిన యొక వాగులో పడి మరణించెను. ఆర్చిబిషప్పు లిరువురు, బిషప్పు లైదుగురు అదే రణభూమిని కూలిరి. రాజునకు సంతానము లేదు. సుల్తాను హంగరీ రాజధాని యైన బుదాను కొల్లగొట్టి, శరత్కాలము రాగానే తన దేశమునకు మరలిపోయెను. రాజు లేక, పీఠాధిపతి లేక, సేనాపతి లేక ఆ దేశము నడివీధిలో నిలువబడినది.

అప్పుడు ఇరువురు ముందుకు వచ్చిరి. మొదటివాడు యానోష్ జాపోల్యా. దేశములోకెల్ల సంపన్నుడైన ప్రభువు, ట్రాన్సిల్వేనియా మండలాధిపతి, మొహాచ్ యుద్ధమునకు తన సేనతో సకాలమున చేరుకొనక పోయినవాడు. ఆ యాలస్యము దైవికమా, ఉద్దేశపూర్వకమా యన్న వాదము నాలుగువందల యేండ్లకు పైగా నడచుచునే యున్నది. రెండవవాడు హాబ్స్‌బర్గ్ వంశజుడైన ఫెర్డినాండ్. ఆస్ట్రియా ప్రభువు, చక్రవర్తి అయిదవ చార్లెసునకు తమ్ముడు, మృతుడైన లాయోష్‌కు బావమరిది. ఈ బాంధవ్యము ఒక్క వరుసలో ముగియదు. ఫెర్డినాండ్ చెల్లెలు మరియాను లాయోష్ వివాహమాడెను. లాయోష్ అక్క ఆన్నాను ఫెర్డినాండ్ వివాహమాడెను. మన పల్లెలలో కుండమార్పిడి పెండ్లి యని దేనిని పిలుతుమో, దానినే 1515లో వియన్నా నగరమున రెండు రాజవంశముల పెద్దలు కూర్చుండి నిశ్చయించిరి. పొలము గట్టు దాటి పోకుండుటకు మనవారు చేయు నేర్పాటునే వారు రాజ్యముల విషయమున చేసికొనిరి.

ఇరువురి చేతులలోను పత్రములున్నవి. 1491 నాటి సంధి ప్రకారము, హంగరీ రాజవంశమునకు పురుషసంతతి లేని పక్షమున రాజ్యము హాబ్స్‌బర్గులకు చెందవలెను. ఇది ఫెర్డినాండ్ పత్రము. 1505లో పెస్ట్ నగరము వెలుపల రాకోష్ మైదానమున సమావేశమైన ప్రభువర్గము, ఇకమీదట పరదేశీయుని రాజుగా ఎన్నుకొనరాదని తీర్మానించెను. ఇది జాపోల్యా పత్రము. మొదటిది రాజులు వ్రాసికొన్న ఒడంబడిక, రెండవది సభ చేసిన శపథము. రాజుల ఒడంబడిక సభను బంధించునా, సభ తీర్మానము రాజుల ఒడంబడికను రద్దుచేయునా యని తేల్చగల స్థానము ఆ దేశమున ఎచ్చటను లేకపోయెను.

హంగరీ రాజ్యాచారము పట్టాభిషేకమునకు మూడు నియమములను విధించినది. స్టీఫను మహర్షి పేర ప్రసిద్ధమైన పవిత్రకిరీటముతోడనే అభిషేకము జరుగవలెను. అది సేకెష్‌ఫెహేర్వార్ నగరముననే జరుగవలెను. ఎస్తెర్గోమ్ ఆర్చిబిషప్పు చేతులమీదుగా జరుగవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను రాజు రాజు కాడని ప్రజల విశ్వాసము. ఎస్తెర్గోమ్ పీఠాధిపతి మొహాచ్‌లో మరణించినందున, నిత్ర నగరపు బిషప్పు ఇష్ట్వాన్ పొద్మనిత్స్కి ఆ బాధ్యతను వహించెను. 1526 నవంబరులో జాపోల్యా, వాగులో దొరికిన లాయోష్ దేహమును సేకెష్‌ఫెహేర్వార్‌లో సమాధి చేయించి, 11వ తేదీన అదే నగరమున పొద్మనిత్స్కి చేత కిరీటము ధరించెను. నెల దాటి కొద్ది దినములు గడచెనో లేదో, డిసెంబరులో, వితంతు రాణి మరియా పక్షమువారు పొజోన్ నగరమున, అనగా నేటి బ్రాటిస్లావాలో, సభ తీర్చి ఫెర్డినాండును రాజుగా ఎన్నుకొనిరి. మరుసటి యేడు ఫెర్డినాండ్ సేన జాపోల్యాను తరిమివేయగా, 1527 నవంబరు 3వ తేదీన, అదే నగరమున, అదే కిరీటమును, అదే పొద్మనిత్స్కి ఫెర్డినాండ్ శిరస్సున నుంచెను. కిరీటరక్షకుడుగా ప్రమాణము చేసిన పేటర్ పెరేన్యి రెండు పర్యాయములును దానిని తానే తెచ్చి యిచ్చెను.

ఇచ్చట ఒక క్షణము నిలువవలెను. నకిలీ కిరీటముతో నొకడు, అసలు కిరీటముతో నొకడు రాజైనచో చరిత్రకారుని పని సులభము. ఇచ్చట కిరీటమును, నగరమును, పురోహితుడును, రక్షకుడును ఒక్కటే. వంక పెట్టినచో రెండు అభిషేకములకును పెట్టవలెను, ఒప్పుకొన్నచో రెండింటిని ఒప్పుకొనవలెను. ఆచారము రాజును చేయగలిగినది గాని, ఇరువురు రాజులలో ఒకనిని తొలగించు మార్గమును అది చెప్పలేదు. కన్యాదానమునకు మంత్రమున్నది గాని ఒకే కన్యకు ఇరువురు వరులు పీటలమీద కూర్చున్నప్పుడు చదువవలసిన మంత్రము ఏ పురోహితునకును రాదు.

ఇంటిలో తీర్పరి లేనప్పుడు వాదులు పొరుగువాకిట నిలుతురు. ఫెర్డినాండ్‌కు అన్నగారి సామ్రాజ్యము అండగా నుండెను. ఓడిపోయిన జాపోల్యా కాన్‌స్టాంటినోపులునకు దూతను పంపి సుల్తాను శరణు జొచ్చెను. 1529 ఆగస్టులో సులేమాను తిరిగి హంగరీలో అడుగిడినప్పుడు, జాపోల్యా ఆయనను ఏ చోట దర్శించెనో చూడుడు. అది మొహాచ్ మైదానము. మూడేండ్ల క్రిందట తన రాజును, తన దేశపు ప్రభువులను పొట్టనబెట్టుకొన్న నేలమీదనే నిలిచి, ఆ సంహారమునకు కర్తయైన సుల్తాను చేతిని జాపోల్యా ముద్దిడెను. సుల్తాను బుదాను జయించి ఆయనకిచ్చెను. పెరేన్యి కిరీటముతోసహా జాపోల్యా పక్షమువారికి పట్టుబడగా, అది సుల్తాను శిబిరమునకు చేరి, అచటినుండి జాపోల్యాకు ప్రసాదముగా లభించెను. స్టీఫను కిరీటమును క్రైస్తవరాజునకు అనుగ్రహించు నధికారము ఉస్మానీయ పాదుషాకు సంక్రమించినది. దానిని ఆయన కత్తితో తీసికొనలేదు. అర్జీ పెట్టుకొన్నవాడే ఆయన చేతిలో నుంచెను.

ఈ పతనమును ఒక్క మనుష్యుని జీవితమున చూడదలచినచో ఇష్ట్వాన్ వెర్బొత్సి చరిత్ర చాలును. హంగరీ ఆచారధర్మమునంతను క్రోడీకరించి 1514లో ‘త్రిపర్తితుం’ అను శాస్త్రగ్రంథమును పూర్తిచేసిన న్యాయవేత్త యితడు. ప్రభువర్గములోని ప్రతి వ్యక్తియు పవిత్రకిరీటమునకు అంగమేనని ప్రతిపాదించినవాడు. రాకోష్ తీర్మానమునకు ముఖ్యసమర్థకుడు. జాపోల్యా రాజు కాగానే ఆయనకు చాన్సలరయ్యెను. పరదేశీయుడు రాజు కారాదన్న సిద్ధాంతముకొరకు జీవితమంతయు వాదించిన ఈ వృద్ధుడు, 1541లో బుదా తురుష్కుల వశమైనప్పుడు, ఆ నగరమందలి క్రైస్తవుల వ్యాజ్యములను విచారించుటకు సుల్తాను ప్రభుత్వముచే న్యాయాధిపతిగా నియమింపబడి, ఆ యేడే మరణించెను. స్వదేశీయ ధర్మశాస్త్రమును రచించిన చేయి పరదేశీయుని జీతము పుచ్చుకొన్నది. ఇతనిని ద్రోహి యనుట న్యాయము కాదు. తన గ్రంథమున రాజును ఎన్నుకొను పద్ధతిని వ్రాసిన ఆ ధీమంతుడు, ఎన్నిక రెండుగా చీలినప్పుడు విచారింపవలసిన పీఠమును మాత్రము కల్పింపలేకపోయెను.

1538లో వారద్ నగరమున ఇరువురు రాజులును రహస్యముగా సంధి చేసికొనిరి. ఎవరి స్వాధీనమున నున్న భూమి వారిది, ఇరువురికిని రాజబిరుదము ఉండును, జాపోల్యా మరణానంతరము రాజ్యమంతయు ఫెర్డినాండ్‌కు చెందును. పండ్రెండేండ్ల రక్తపాతము తరువాత ఇంటివారే కూర్చుండి చేసికొన్న ఏకైక తీర్పిది. కాని 1539లో, ఏబదియేండ్లు పైబడిన జాపోల్యా పోలెండు రాజకుమార్తె ఇజబెల్లాను వివాహమాడెను. 1540 జూలైలో కుమారుడు పుట్టిన కొలది దినములకే తండ్రి కన్నుమూసెను. శిశువును రాజుగా నిలుపవలెనని జార్జి మార్తినుజ్జి యను సన్న్యాసి పట్టుబట్టెను. ఫెర్డినాండ్ సంధిపత్రమును చూపి బుదాను ముట్టడించెను. రాణి పక్షము సుల్తానును పిలిచెను. సులేమాను వచ్చి ముట్టడిని చెదరగొట్టి, శిశువును చూడవలెనని కోరి, ప్రభువులతోసహా తన శిబిరమునకు రప్పించుకొనెను. ఉత్సవమునందువలె అతిథులకు విందు జరుగుచుండగా, జానిసరీ సైనికులు వినోదము చూడవచ్చినవారివలె ఇద్దరుముగ్గురుగా నగరద్వారముల లోనికి పోయి, ఆయుధము దూయకయే కోటను వశపరచుకొనిరి. నాడు 1541 ఆగస్టు 29, మొహాచ్ యుద్ధమునకు సరిగా పదునైదవ వార్షిక దినము. విందు ముగిసి ప్రభువులు లేవబోవగా, నల్లని పులుసు ఇంకను మిగిలియున్నదని చెప్పి కాఫీ పాత్రలు తెప్పించి వారిని నిలిపివేసిరని హంగరీవారు కథగా చెప్పుకొందురు. కథ మాట యెట్లున్నను, విందునకు వెళ్ళిన బాలింత్ తొరొక్ అను ప్రభువు కాన్‌స్టాంటినోపులు కారాగారమున మరణించిన మాట చరిత్ర.

ఫలితము మూడు ముక్కల దేశము. నడిమి భాగము సుల్తానుకు, పడమటి పట్టీ ఫెర్డినాండ్‌కు, తూర్పున ట్రాన్సిల్వేనియా శిశురాజునకు. 1547 సంధి ప్రకారము ఫెర్డినాండ్ తనకు మిగిలిన ముక్కకు ఏటేట ముప్పదివేల బంగారు నాణెముల కప్పము కట్టెను. శిశువు పెరిగి పెద్దవాడై 1570లో రాజబిరుదమును వదలుకొని ట్రాన్సిల్వేనియా ప్రభువుగా మాత్రము నిలిచెను. బుదా నగరము 1686వరకు నూటనలువదియైదేండ్లు తురుష్కుల చేతిలో నుండెను. గెలిచినవాడెవరని యడిగినచో, కిరీటమునకు ఎన్నడు అభ్యర్థి కానివాడు గెలిచెనని చెప్పవలెను.

ఆ 1529వ సంవత్సరముననే, జాపోల్యా సుల్తాను చేతిని ముద్దిడిన యేటనే, విజయనగరమున శ్రీకృష్ణదేవరాయలు పరమపదించెను. తమ్ముడైన అచ్యుతరాయలకు రాజ్యము సంక్రమించెను. అల్లుడైన రామరాయలు రాయల శిశుపుత్రుని పక్షము వహించెను. అచ్యుతరాయలు తిరుపతిలోను, కాళహస్తిలోను, పిదప రాజధానిలోను అభిషిక్తుడాయెనని చెప్పుదురు. ఒక్క అభిషేకము చాలదని తోచుటయే సింహాసనము కదలుచుండెననుటకు నిదర్శనము. 1542లో ఆయన గతించినంతనే కుమారుడైన వేంకటరాయలు రాజయ్యెను గాని, మేనమామ సలకరాజు చినతిరుమలుడు సర్వాధికారమును చేజిక్కించుకొనెను. బిడ్డకు రక్షణ కోరి తల్లి వరదాంబిక బిజాపురపు ఆదిల్‌షాను ఆహ్వానించినది. బుదాలో ఇజబెల్లా సులేమానును పిలిచిన మరుసటి యేడో రెండవ యేడో జరిగిన కథ యిది. ఒకరి మాట ఒకరెరుగని ఇరువురు తల్లులు, ఒకే భయముచేత ఒకే తలుపు తట్టిరి. బాలరాజు హతుడయ్యెను. రామరాయలు చినతిరుమలుని కూల్చి, 1543లో సదాశివరాయలను పీఠమున నిలిపి తానేలెను. దక్కను సుల్తానుల యింటితగవులలో తాను తలదూర్చుట, తన యింటితగవులలో వారు తలదూర్చుట రాజనీతియై, 1565లో రక్కసి తంగడి రణభూమిలో ముగిసినది. తళ్ళికోట యుద్ధమని కూడ పేరొందిన ఆ రణమున ఓడితిమని విలపించు మనము, ఆ యోటమికి విత్తు ఇంటిలోపల వారసత్వమును తేల్చుకొనలేని నాడే పడినదని గ్రహింపవలెను.

ఇక కిరీటము అమెరికా చేరిన కథ. హంగరీ చీలికనుండి పుట్టిన యుద్ధపరంపర యొక శతాబ్దమునకు పైగా సాగినది. వర్జీనియాలో జేమ్స్‌టౌన్ వలసకు నాయకుడై ప్రసిద్ధికెక్కిన కెప్టెన్ జాన్ స్మిత్, అంతకుముందు ట్రాన్సిల్వేనియా ప్రభువు కొలువున కూలిసైనికుడుగా పోరాడి, ముగ్గురు తురుష్కవీరులను ద్వంద్వయుద్ధములందు వరుసగా వధించితినని తానే వ్రాసికొనెను. 1849లో హాబ్స్‌బర్గులను పదచ్యుతులుగా ప్రకటించిన లాయోష్ కొషూత్ పక్షమువారు, విప్లవము విఫలము కాగా కిరీటమును ఓర్షొవా పట్టణసమీపమున పాతిపెట్టి దేశము విడిచిరి. నాలుగేండ్లకు అది బయల్పడెను. కొషూత్ 1851 డిసెంబరులో న్యూయార్కు చేరగా ఈ దేశప్రజలు వీధులు క్రిక్కిరిసి స్వాగతమిచ్చిరి. 1916లో నాలుగవ చార్లెసు దానిని ధరించిన కడపటి రాజు. 1945లో, రెండవ ప్రపంచయుద్ధము ముగియు దినములలో, కిరీటభటులు దానిని ఆస్ట్రియాలో మాట్‌జే గ్రామమున నూనె పీపాలో నుంచి భూమిలో పూడ్చిరి. అమెరికా సేనకు చిక్కిన కిరీటపు పెట్టెను తెరచి చూడగా అందులో ఖడ్గము మాత్రమే యుండెను. పిదప బురద పట్టిన పీపా వెలికి వచ్చెను. దానిలో నుండెను, వంగిన శిలువతో, బైజాంటియను చక్రవర్తుల మీనాకారీ చిత్రములతో, ఇరువురు రాజులను చేసిన కిరీటము.

కమ్యూనిస్టు ప్రభుత్వము పాలించుచున్న హంగరీకి, ఫోర్ట్ నాక్స్ చేరిన ఈ కిరీటమును తిరిగి యిచ్చుటయా మానుటయా యను ప్రశ్న ముప్పదియేండ్లు నలిగినది. 1977లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఇచ్చుటకు నిశ్చయింపగా, ఈ దేశమందలి హంగరీ వలసజనులు పలువురు ఊరేగింపులు జరిపి ప్రతిఘటించిరి. కన్సాస్ సెనేటరు రాబర్ట్ డోల్, సెనేట్ సమ్మతి లేనిదే యిది చెల్లదని దావా వేసెను. పదవ సర్క్యూటు అప్పీలు న్యాయస్థానము ఆయన కోరికను త్రోసిపుచ్చి, ఇది రాజకీయశాఖలు తేల్చవలసిన విషయమని పలికెను. 1978 జనవరి 6వ తేదీన బుదాపెస్టు పార్లమెంటు భవనమున, విదేశాంగమంత్రి సైరస్ వాన్స్ నాయకత్వమున వెళ్ళిన ప్రతినిధివర్గము కిరీటమును అప్పగించెను. విటమిన్ సీ పరిశోధనకు నోబెల్ బహుమానమందిన ఆల్బర్ట్ సెంట్‌జార్జి, హంగరీలో పుట్టి మసాచుసెట్స్‌లో స్థిరపడినవాడు, ఆ వర్గములో నుండెను. కిరీటమును పాలకపక్షమునకు గాక హంగరీ ప్రజలకు ఇచ్చుచున్నామని అమెరికా ప్రకటించినది. ప్రజలు చూచుటకు వీలుగా మ్యూజియమున నుంచవలెనని నియమమయ్యెను. 2000 సంవత్సరారంభమున అది పార్లమెంటు భవనమునకు చేరినది. అంతకు నాలుగువందల యేబదియేండ్ల క్రిందటనే అడుగవలసిన ప్రశ్నకు సమాధానము 1978 నాటి ఆ అప్పగింతలో లభించినది. రాజును నిర్ణయించునది కిరీటము కాదు, పురోహితుడు కాడు, పొరుగు సుల్తాను కాడు. ఎవరిమీద రాజు రాజగునో వారే తీర్పరులు.

ఈ దేశమునకును ఇట్టి సంకటము వచ్చినది. 1876 అధ్యక్ష ఎన్నికలో శామ్యూల్ టిల్డెన్‌కు 184 ఎలెక్టొరల్ ఓట్లు నిర్వివాదముగా వచ్చెను. గెలుపునకు 185 కావలెను. ఫ్లోరిడా, లూసియానా, దక్షిణ కరోలినా రాష్ట్రములనుండి రెండేసి ఫలితపత్రములు వచ్చెను. ఆరిగాన్‌లో ఒక్క ఓటు తగవులో పడెను. వెరసి 20 ఓట్లు వివాదగ్రస్తములు. సేనలు కదలునేమోయని దేశము గడగడలాడుచున్న వేళ, కాంగ్రెసు ఉభయపక్షముల సమ్మతితో అయిదుగురు సెనేటర్లు, అయిదుగురు ప్రతినిధులు, అయిదుగురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు గల పంచాయతీ నేర్పరచెను. అది ఎనిమిదికి ఏడుగా చీలి, వివాదమందున్న ఓట్లన్నియు ప్రత్యర్థియైన రుథర్‌ఫర్డ్ హేస్‌కు కట్టబెట్టెను. తీర్పు పక్షపాతరహితమని నేననను. దాని వెంట జరిగిన రాజీలో సేనలు దక్షిణరాష్ట్రముల ప్రభుత్వములకు అండ మానుకొనగా, నల్లజాతి పౌరుల హక్కులు బలియయ్యెను. ఆ ఋణము తీర్చుటకు ఈ దేశమునకు తొమ్మిది దశాబ్దములు పట్టినది. తీర్పరి యింటివాడైనంతమాత్రమున తీర్పు ధర్మమగునని భ్రమపడరాదు. అయినను ఓడిన టిల్డెన్ ఇంటికి పోయెను గాని పరదేశపు నౌకాదళమును పిలువలేదు. వ్యవస్థ బ్రదికినచో అన్యాయమును తరువాతి తరము సరిదిద్దగలదు. వ్యవస్థయే కూలినచో సరిదిద్దుటకు చేయి యుండదు.

ఇంత దూరపు కథను మీ ముందుంచుటకు దగ్గరి కారణ మొకటి యున్నది. ఈ గడ్డమీద మనవారు కట్టుకొన్న సంఘములు మన రాజ్యములు. వాటిలో ఎన్నిక జరిగిన మరునాడు ఒకే సంఘమునకు ఇద్దరధ్యక్షులు, ఒకే యుగాదికి రెండు సభలు, ఒకే బ్యాంకు ఖాతాకు రెండు సంతకములు వెలయుట మీరెరుగని విషయము కాదు. ప్రతి పక్షము చేతిలోను నియమావళి యున్నది, ప్రతి పక్షమునకును పూర్వాధ్యక్షుడొకడు ఆశీర్వచనము పలికియున్నాడు. కడకు తెలుగు తెలియని జిల్లా న్యాయస్థానపు జడ్జి మన బతుకమ్మకు, మన సంక్రాంతికి పెద్దయగుచున్నాడు.

కావున నా విన్నపము స్వల్పము. మీ సంఘముల నియమావళులను ఈ యేడే తెరచి చూడుడు. ఎవరు పోటీ చేయవచ్చునో పుటలకొలది వ్రాసియుందురు. ఫలితము వివాదమైనచో ఎవరు విచారింపవలెను, ఎన్ని దినములలో తేల్చవలెను, ఆ తీర్పునకు అభ్యర్థులందరు కట్టుబడుదుమని ముందుగా సంతకము చేసినారా యన్నది చూడుడు. లేనిచో చేర్చుడు. ఎన్నికల నోటీసు వెలువడకమునుపే, ఎవరు నిలుతురో తెలియకమునుపే చేర్చుడు. తీర్పరిని ముందు నియమించుకొని, అభ్యర్థులను తరువాత పిలువుడు.